బొద్దమ్మకు నీళ్ళు

ఏప్రిల్ 6

చిన్నది వెళ్ళి వారమైంది.

నలభై ఒక్క ఏళ్ళ మనిషిని ఇంకా చిన్నది అంటారేమిటని పెళ్ళి రోజు మరిది నవ్వాడు. ఆయనకేం తెలుసు. నాకు పదకొండేళ్ళప్పుడు పుట్టిన చెల్లెలు. అమ్మ పోయాక నా చేతుల్లోనే పెరిగింది. మొన్నటి దాకా ఈ రెండు గదుల ఇంట్లో నా పక్క మంచం మీదే పడుకుంది. ఇప్పుడు రైల్లో ఆరు గంటల దూరంలో కళ్ళజోళ్ళ షాపాయన భార్య. ఆయనకు మొదటి భార్య పోయింది. ఏడేళ్ళ కూతురుంది, తల్లి ఉంది. మంచి మనిషే. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా వీలుండేది.

వెళ్తూ వెళ్తూ వంటింటి కిటికీలో తన మొక్కను వదిలి వెళ్ళింది. దాని అసలు పేరు నాకు నోరు తిరగదు. ఆకులు ఉబ్బిన బుగ్గల్లా ఉంటాయి. చిన్నది దానికి బొద్దమ్మ అని పేరు పెట్టుకుంది. రైలెక్కబోతూ కూడా దాని గురించే.

"అక్కా, అక్కడ బాల్కనీకి గ్రిల్లు పెట్టిస్తున్నారు. అది అవగానే వచ్చి తీసుకెళ్తా. అప్పటిదాకా నువ్వు చూసుకో."

"నిన్నే పెంచాను, దాన్ని పెంచలేనా?" అన్నాను.

వెళ్ళిన మర్నాడు ఫోన్ చేసింది. "ఏంటి విషయం?" అన్నాను. "ఏం లేదక్కా" అంది. "సరే అయితే, పనిలో ఉన్నా" అన్నాను. పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. కొత్త కాపురం, వందుంటాయి. నేను చేయకూడదు. వెళ్ళినవాళ్ళు చేస్తే అందంగా ఉంటుందిగానీ ఉన్నవాళ్ళు చేస్తే వెంటపడినట్టుంటుంది.

బొద్దమ్మకు రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్ళు పోస్తున్నాను.

ఏప్రిల్ 8

నీళ్ళు పోశాను. ఇల్లు ఊడ్చాను. రెండో మంచం మీద దుప్పటి మార్చాను. ఎవరూ పడుకోకపోయినా దుమ్ము పడుతుంది కదా.

ఏప్రిల్ 11

పొద్దున్న నీళ్ళు పోయబోతే కుండీలో ఒక ఆకు రాలి పడి ఉంది. పసుపుగా మారి, అవతలి వెలుతురు కనిపించేంత పల్చబడింది. అప్పగించి పట్టుమని పదిహేను రోజులు కాలేదు, ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? ఆకును స్టీలు ప్లేటులో పెట్టి ఫోటో తీసి చిన్నదానికి పంపాను. కింద ఏమీ రాయలేదు.

ప్లేటు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది.

"ఏమైందక్కా దానికి? ఎన్ని రాలాయి? నీళ్ళు ఎప్పుడెప్పుడు పోస్తున్నావ్?"

"రోజూ."

"రోజూనా! అది నీ పళ్ళ సెట్టు కాదక్కా, నీళ్ళలో నానబెట్టడానికి! దానికి ఆకుల్లోనే నీళ్ళుంటాయి. రెండు వారాలకోసారి పోస్తే చాలు. మట్టి బాగా ఎండిపోవాలి, తెలిసిందా?"

తెలిసింది. మా ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాం. సెట్టు ఎండిందంటే వంకర పోతుంది, ఇక ఏ నోటికీ పట్టదు. ఇన్నేళ్ళుగా నా బల్ల మీద ప్రతి సెట్టూ నీళ్ళ గిన్నెలోనే ఉంటుంది. ఎండడమంటే పాడవడమేనని నా చేతులకు అలవాటైపోయింది.

మొక్క సంగతి అయిపోయాక కూడా చిన్నది ఫోన్ పెట్టలేదు. అక్కడి కుళాయిలో వేడినీళ్ళు మన దానికి వ్యతిరేకంగా తిప్పితే వస్తాయట, రోజూ చెయ్యి కాల్చుకుంటోందట. పిల్లకు తనను ఏమని పిలవాలో ఇంకా తేలలేదట. వాళ్ళ నాన్నను నానమ్మ బాబూ అంటుంది, ఈవిడ ఏమండీ అంటుంది, అన్నీ విని చివరికి అది కూడా ఈవిడను "ఏమండీ, నా సాక్సులు కనిపించట్లేదు" అంటోందట. ఇద్దరం చాలాసేపు నవ్వాం. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

ల్యాబుకు ఆలస్యంగా వెళ్ళాను.

ఏప్రిల్ 12

నీళ్ళు పోయలేదు.

ఏప్రిల్ 18

నీళ్ళు పోయలేదు. ఆకు రాలలేదు. బొద్దమ్మ నిటారుగా ఉంది. ఫోన్ రాలేదు. మంచిదే. అంతా బాగున్నప్పుడు ఫోన్లెందుకు?

ఏప్రిల్ 22

పాలిష్ బాబాయి ఈరోజు నన్ను పట్టుకున్నాడు. నా పక్క బల్ల అతనిదే. నేను పళ్ళు పేర్చి ఇస్తే అతను మెరుగు పెడతాడు. వయసులో నాకంటే చిన్నవాడు, బట్టతల వల్ల ల్యాబందరికీ బాబాయి అయ్యాడు.

"ఈమధ్య మీలో మీరే మాట్లాడుకుంటున్నారక్కా."

"అయితే మధ్యలో దూరకు."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే మాట్లాడుకుంటున్నానని నాకు తెలియదు.

చేతిలో ఒక పెద్దాయన సెట్టు ఉంది. పళ్ళున్న రోజుల్లో తీయించుకున్న ఫోటో ఒకటి డాక్టరు పంపించాడు. ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది. నేనూ అలాగే ఎక్కించి పెట్టాను. అన్నీ వరసగా, తెల్లగా పెడితే పెట్టుడు పళ్ళని వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. కొంచెం వంకర, కొంచెం పచ్చదనం, ఒక అంచున చిన్న అరుగుదల ఉంటేనే మనిషి పన్ను అనిపిస్తుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు.

ఇంటికొచ్చి ఈ ముక్క చెబుదామనుకుంటే వినడానికి ఎవరున్నారు? బొద్దమ్మకు చెప్పాను.

ఏప్రిల్ 24

రెండు వారాలైనట్టే. నీళ్ళు పోశాను.

ఏప్రిల్ 26

మరీ ఎండగా ఉంది. మట్టి పొడిగా అనిపించింది. పోశాను. గ్లాసుడు కాదు, సగమే.

ఏప్రిల్ 27

మిగతా సగం.

మే 1

రెండు ఆకులు రాలాయి. ఒకటి కిటికీ గట్టు మీద, ఒకటి కుండీలో. ఫోటో పంపాను. వెంటనే మోగింది.

"నీళ్ళు పోశావా?"

"నువ్వు చెప్పినట్టే పోశాను."

"మరి ఎందుకిలా అవుతోందక్కా?"

"నేనేమైనా మొక్కల డాక్టరునా? నాకేం తెలుసు!"

నాకు తెలియదు కాబట్టే అలా అన్నాను. ఎండ వల్ల అయ్యుంటుంది.

తర్వాత చాలాసేపు మాట్లాడింది. మరిదికి గురకట. వాళ్ళత్తగారు మంచావిడట, కానీ రోజంతా టీవీ పెట్టి దానితో పోటీగా మాట్లాడుతుందట. మధ్యలో పిల్ల ఫోన్ లాక్కుంది. ఇప్పుడు చిన్నదాన్ని పిన్ని అంటోంది. ఏమండీ కన్నా నయం.

"పెద్దమ్మా, మీ మొక్క ఇంకా చచ్చిపోలేదా?"

"ఇంకా లేదమ్మా."

"చచ్చిపోయాక కూడా పిన్ని మీతో మాట్లాడుతుందా?"

పిల్ల ఫోన్ ఇచ్చేసి వెళ్ళిపోయింది. చిన్నది వచ్చి, గ్రిల్లు పని అయిపోయింది, వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం వచ్చి మొక్కను తీసుకెళ్తానంది.

మే 10

మధ్యాహ్నం నుంచీ ఇల్లు తుడిచాను. అలమారలో తన అర ఖాళీగానే ఉంది, దాన్నీ తుడిచాను. తలగడ గలీబు మార్చాను. అద్దం వెనక తన దువ్వెన దొరికింది. అడిగితే ఇద్దామని బల్ల మీద పెట్టాను.

మే 11

రాలేదు. పిల్లకు జ్వరమట. ఫోన్ కూడా కాదు, ఒక ముక్క రాసి పంపింది.

జ్వరం నిజమే అయ్యుంటుంది. ఏడేళ్ళ పిల్లకు జ్వరమొస్తే యాభై రెండేళ్ళ దానికి కుళ్ళు పుట్టడమేమిటి? సిగ్గుండాలి. నాకు ఒంట్లో బాగోకపోయినప్పుడల్లా నా నుదుటి మీద గుడ్డ వేసింది అదే. ఇప్పుడు ఆ గుడ్డ వేరే నుదుటి మీద ఉంది. అంతే కదా. అంతే.

దువ్వెన మళ్ళీ అద్దం వెనకే పెట్టాను.

మే 12

నీళ్ళు పోశాను.

మే 13

పోశాను.

మే 15

నాలుగు ఆకులు! ప్లేటులో పేర్చి రకరకాలుగా ఫోటోలు తీశాను, ఒక్కోటీ విడిగా, అన్నీ కలిపి. ఒకటి పంపాను.

చిన్నది కంగారుపడింది. మేడ మీదికి వెళ్ళి మాట్లాడింది కాబోలు, గాలి చప్పుడు వినిపించింది. పిల్లకు తగ్గిందట. మందు తాగనని మొండికేస్తే నేను తనకు చెప్పిన అబద్ధమే చెప్పి తాగించిందట: ఇది తాగితే రేపటికి ఒక అంగుళం పొడుగవుతావని. "నేను ఎన్నాళ్ళు నమ్మానక్కా అది!" అంది. పదేళ్ళొచ్చేదాకా నమ్మింది. తలుపు దగ్గర నిలబడి రోజూ కొలిపించుకునేది. అవన్నీ మాట్లాడుకున్నాం.

ఎంత బాగుందో ఈరోజు.

మే 16

పాలిష్ బాబాయికి బొద్దమ్మ ఫోటో చూపించాను, ఏమైనా తెలుసేమోనని. దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"మట్టి ఇలా తళతళలాడుతోందేంటక్కా? చేపలు పెంచుతున్నారా?"

అతనితో సాయంత్రం దాకా మాట్లాడలేదు. దాంతో ఈరోజు నేను ఎవరితోనూ మాట్లాడనట్టయింది.

మే 19

కొంచెం పోశాను.

మే 21

కాండం మెత్తబడింది. నిన్న కొంచెం వంగినట్టుంటే గోడకు ఆనించాను. ఈరోజు సరిచేద్దామని పట్టుకుంటే వేళ్ళ మధ్య నలిగిపోయింది. లోపలంతా నల్లగా, నీళ్ళు నీళ్ళుగా ఉంది. వాసన. పట్టుకున్న చోట పట్టుకున్నట్టే పైభాగం నా చేతిలోకి వచ్చేసింది, ఇంకా ఐదారు ఆకులతో.

కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

ఎండలు ఎక్కువ ఈ ఏడు. కుండీ కూడా మంచిది కాదు, కింద చిల్లు చిన్నది.

మే 22

ల్యాబు. ఇల్లు.

మే 24

ల్యాబు. ఇల్లు. కుండీ కడిగి బోర్లించాను.

మే 27

చిన్నదానికి చెప్పాలి. ఎలా చెప్పాలో నాలుగైదు రకాలుగా అనుకుని చూశాను. "పోయిందే" అంటే చాలు. అది "అయ్యో" అంటుంది. "పోనీలే అక్కా, నువ్వేం చేస్తావ్" అంటుంది. మంచిది కదా, అలాగే అంటుంది. ఆ తర్వాత?

నాకు భయంగా ఉంది. రాసుకునేది నా కోసమే కాబట్టి రాస్తున్నాను. మొక్క పోయినందుకు కాదు. ఇక అది నాకు ఎందుకు ఫోన్ చేస్తుంది?

మే 29

ఫోన్లో మొన్న తీసిన ఫోటోల్లో పంపనివి ఇంకా ఉన్నాయి. ఒకటి పంపాను. రాలిన ఆకు రాలిన ఆకే కదా, ఎప్పుడు రాలితేనేం?

మోగింది. మాట్లాడుకున్నాం. వాళ్ళ షాపుకు ఒకాయన వచ్చి కళ్ళజోడు పోయిందని గొడవ పెట్టాడట. వెతికితే ఆయన నెత్తి మీదే ఉందట. మరిది పైకి నవ్వకుండా లోపలికెళ్ళి నవ్వి వచ్చాడట. ఆ మరిది మీద నాకు మొదటిసారి కొంచెం ఇష్టం కలిగింది.

జూన్ 5

ఇంకో ఫోటో.

"ఇంకెన్ని ఆకులున్నాయక్కా?"

చూసి వస్తానని చెప్పి, వంటింట్లోకి నడిచి, ఖాళీ కిటికీ ముందు నిలబడి, లెక్కపెట్టినంతసేపు ఆగి, "ఏడు" అన్నాను. ఎందుకు లేచి నడిచానో నాకే తెలియదు. దానికి నేనేమన్నా కనిపిస్తున్నానా!

"జాగ్రత్తగా చూసుకో" అంది.

"చూసుకుంటాను" అన్నాను.

జూన్ 12

కొత్తవి అయిపోయాయి. పాతదే ఒకటి కాస్త పక్కలు కత్తిరించి పంపాను. ఈసారి ఫోన్ రావడానికి కొంచెం ఆలస్యమైంది. ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చున్నాను.

వచ్చింది. గొంతులో ఏదో తేడా. జలుబు చేసిందంది. ఎన్ని ఉన్నాయంటే తొమ్మిదన్నాను. "సరే అక్కా" అంది. తర్వాత మామూలుగానే మాట్లాడింది, కాకపోతే నా గురించి ఎక్కువ అడిగింది. ఏం వండుకున్నావు, ఎప్పుడు తిన్నావు, సాయంత్రాలు ఏం చేస్తున్నావు. సాయంత్రాలు ఏం చేస్తున్నానని చెప్పను? మొక్కను చూసుకుంటున్నానని చెప్పాను.

జూన్ 16

ఆకు ఏమీ పంపకుండానే ఫోన్ మోగింది. పడిపోయిందేమో, ఏమైనా అయిందేమో అనుకుంటూ ఎత్తాను.

"ఏంటి విషయం?"

"ఆదివారం వస్తున్నా అక్కా. బొద్దమ్మను తీసుకెళ్తా."

వద్దన్నాను. ఎండలన్నాను, రైల్లో మొక్క నలిగిపోతుందన్నాను. "టికెట్ కూడా అయిపోయింది" అంది.

వస్తోందని సంతోషించాలి. రెండున్నర నెలలుగా ఇదే కదా నేను కోరుకున్నది. ఒక్క ముద్ద దిగలేదు.

జూన్ 18

ల్యాబు నుంచి అటే నర్సరీకి వెళ్ళాను. బొద్దమ్మ లాంటివి వరసగా ఇరవై దాకా ఉన్నాయి. ఒకటి ఎంచుకుని తెచ్చి, కడిగి పెట్టిన పాత కుండీలో మట్టి నింపి నాటాను.

చూడగానే తెలిసిపోతోంది. మరీ ఆరోగ్యంగా ఉంది. కొమ్మ కొమ్మకూ గుత్తులుగా ఆకులు, ఒక్క మచ్చ లేదు. ఏప్రిల్ నుంచీ ఆకులు రాలుస్తున్న మొక్క ఇలా ఉంటుందా? వరసగా తెల్లగా పేర్చిన పళ్ళ సెట్టే ఇది. నా దగ్గరికి ఎవరైనా ఇలాంటిది తెస్తే వెనక్కి పంపుతాను.

ఏం చేయాలో నాకు తెలుసు. ఆ పని నాకు వచ్చినట్టు ఎవరికీ రాదు.

జూన్ 20

సాయంత్రం బల్ల మీద పాత బట్ట పరచి కుండీ పెట్టాను. లైటు దగ్గరికి లాక్కున్నాను. కింది కొమ్మలు బోసిగా ఉండాలి, పైన తొమ్మిది మిగలాలి. చివరలు ఒకటి రెండు కొంచెం నలగాలి. కాండం మీద ఆకు ఊడిన గుర్తులు కనిపించాలి. అన్నీ ముందే అనుకున్నాను.

మొదటి ఆకు పట్టుకుని పక్కకు తిప్పాను. టక్కున చిన్న చప్పుడు చేసి వచ్చేసింది. ఊడిన చోట తడి. రెండోది. మూడోది. నాలుగోది గట్టిగా ఉంది, గోరు పెట్టాల్సి వచ్చింది.

ఐదోదాని మీద వేలు పెట్టి ఆగాను. ఏ జబ్బూ లేని మొక్క. దానికి ఏమైందని పీకుతున్నాను? చెల్లెలు తన ఇంటికి వెళ్ళిందని పీకుతున్నాను. అప్పుడూ ఇదే చేశాను. అప్పుడు నీళ్ళతో చేశాను, ఇప్పుడు గోళ్ళతో. ప్రతి సగం గ్లాసూ పోసేటప్పుడు నాకు తెలుసు.

ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు చిన్నది భయపడుతుందని ఏడవలేదు, ఆ బాకీ కూడా తీర్చినట్టు ఏడ్చాను. చివరికి ముక్కు తుడుచుకుని, కుండీ తీసి కిటికీలో పెట్టేశాను, ఉన్నది ఉన్నట్టుగా.

జూన్ 22, ఆదివారం

పొద్దున బండికి దిగింది. ఒక్కతే. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది. చెప్పులు విడవగానే సంచీ నా చేతికిచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. నేను సంచీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

కిటికీ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని బొద్దమ్మను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరీవిడ?" అంది.



"కొత్తావిడ" అన్నాను.

"పాతావిడ ఎప్పుడు పోయింది?"

"మే నెలలో."

"మే నెలలోనా!" అంది. వేళ్ళ మీద ఏదో లెక్కేసింది. "నేను జూన్ అనుకున్నా. మొన్న పాత ఫోటోనే మళ్ళీ పంపావు చూడు, అదే ప్లేటు, అదే ఆకు, అంచున అదే మచ్చ. అప్పుడు తెలిసింది. పైగా ఒక వారం ఏడు, మరుసటి వారం తొమ్మిది. ఆకులు రాలే కొద్దీ పెరిగే మొక్కను నేనెక్కడా చూడలేదక్కా!"

నవ్వుతోంది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నేను సంచీ కింద పెట్టాను.

"తెలిసి మరి ఎందుకు చేశావ్ ఫోన్?"

"తెలిసిందని చెప్తే నువ్వు పంపడం మానేస్తావని."

"నేను పంపకపోతే నువ్వు చేయకూడదా?"

"చేసి ఏం చెప్పాలి? నువ్వు ఎత్తగానే 'ఏంటి విషయం' అంటావు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు. బడి నుంచి వచ్చి నీ పక్కన కూర్చుంటే 'ఏంటి విషయం'. అన్నం తినేటప్పుడు నీ మొహం చూస్తే 'ఏంటి విషయం'. నా దగ్గర ఎప్పుడూ విషయం ఉండేది కాదక్కా."

కుర్చీ లాక్కుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ అంతా బాగుందన్న గొంతే, కానీ ఇప్పుడు మెల్లగా మాట్లాడింది.

"వాళ్ళంతా మంచివాళ్ళే. ఎవరూ ఏమీ అనరు. కానీ ఏ గదిలోకి వెళ్ళినా ఎవరో ఒకరుంటారు. నాకంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు. వాళ్ళు నవ్వుకునే పాత సంగతులేవీ నాకు తెలియవు, నేను నవ్వుకునేవి వాళ్ళకు తెలియవు. ఫోన్ తీస్తే అత్తయ్య 'ఏమైందమ్మా, అక్కయ్యకు ఒంట్లో బాగోలేదా?' అంటుంది. ఏం లేదు, అక్క గొంతు వినాలనుంది అని ఎలా చెప్పను? నేనేమైనా చంటిపిల్లనా? 'అక్క దగ్గర మొక్క పోయేట్టుందట' అంటే మాత్రం అందరూ జాలిపడి మేడ మీదికి పంపించేవాళ్ళు. ఆయన ఈ టికెట్ కూడా మొక్క కోసమనే కొన్నారు."

"నువ్వు అక్కడ సంతోషంగా ఉన్నావనుకున్నాను" అన్నాను.

"ఉన్నాను. ఉన్నా కూడా."

ఇద్దరం కాసేపు అలాగే పక్కపక్కన కూర్చున్నాం. ఫోన్లో అయితే ఇలా ఉండలేం. తర్వాత నేను చెప్పాను. నీళ్ళ సంగతి, సగం గ్లాసుల సంగతి, మొన్న సాయంత్రం నాలుగు ఆకుల సంగతి. చెబుతున్నంతసేపూ బల్ల వైపే చూశాను. తిడుతుందనుకున్నాను.

"ఒక్కదాన్నే ఉండలేకపోతున్నానే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నేనే ఉలిక్కిపడ్డాను.

చిన్నది లేచి వచ్చి నా తల తన పొట్టకు ఆనించుకుంది. చిన్నప్పుడు నేను దాన్ని అలాగే పట్టుకునేదాన్ని. సబ్బు వాసన మారింది. వాళ్ళింటి సబ్బు.

సాయంత్రం బండికి వెళ్ళాలి. బొద్దమ్మను తీసుకెళ్ళమని కుండీ తెచ్చి ఇచ్చాను. వద్దంది. "నాకు అక్కడ పిల్ల ఉంది, చాలు. ఇదిక్కడే ఉండనీ. దీనికి మాత్రం నీళ్ళు పోయకు. పోయాలనిపిస్తే నువ్వు తాగు."

"మరి మీ ఇంట్లో ఏం చెప్తావ్?"

"పోయిందని చెప్తా. అయ్యో అంటారు. తర్వాత చూద్దాం."

ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచాను. బండి కదిలాక అది చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. ఇంటికొచ్చి తాళం తీస్తే ఇల్లు ఎప్పటిలాగే ఉంది. రెండు గదులూ, రెండు మంచాలూ. అది వచ్చి వెళ్ళినందువల్ల ఏమీ తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది.

జూన్ 23

ల్యాబు. ఇల్లు.

జూన్ 26

రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఏం చెప్పాలో ఆలోచించాను. ల్యాబు ఓనరు కొత్త మెషిన్ తెప్పిస్తున్నాడని చెప్పొచ్చు. కానీ అదేమంత పెద్ద విషయం? పక్కన పెట్టేశాను.

జూన్ 29, ఆదివారం

సాయంత్రం బట్టలు మడతపెడుతూ మధ్యలో లేచి ఫోన్ చేశాను. నా అంతట నేను చేయడం ఇదే మొదలు. మోగుతున్నంతసేపూ పెట్టేద్దామనే అనిపించింది. ఎత్తింది. వెనక టీవీ, గిన్నెల చప్పుడు, పిల్ల ఏదో పాడుతోంది.

"ఏమైందక్కా?" కంగారుగా అంది.

"ఏం కాలేదే."

"మరి?"

"ఊరికే చేశాను."

ఇంతలో వాళ్ళత్తగారి గొంతు వినిపించింది, ఎవరమ్మా, ఏమైందట, అని. టీవీ చప్పుడు తగ్గించారు. చిన్నది అటు తిరిగినట్టుంది. ఇంట్లో అందరికీ వినిపించేలా గట్టిగా చెప్పింది.

"మా అక్క, అత్తయ్యా. ఏమీ కాలేదట. ఊరికే చేసింది!"